బుర్రావారింటి నల్ల టీ

కాకరలంకలో బుర్రావారికి తమ తెలివంటే మహా గర్వం. గర్వపడరూ మరి! ఇంటిపేరులోనే బుర్ర ఉంది. "ఊళ్ళో వాళ్ళందరికీ మెడమీద ఒక్కటే బుర్ర. మనకి మెడమీద ఒకటి, పేరుకి ముందొకటి. మొత్తం రెండు" అనేవాడు ఇంటిపెద్ద గవర్రాజు. అతని భార్య వరహాలమ్మ, "పెళ్ళైన రోజునుంచీ నాకూ తల బరువుగా ఉంటోందండీ. మీ తెలివి ఎక్కుతోంది కాబోలు" అనేది. ఇక గవర్రాజు తమ్ముడు తాతబ్బాయి, వానలో తల తడవనిచ్చేవాడే కాదు. తెలివి నానిపోతుందని భయం.

వీళ్ళ తెలివికి ఒక్కటే పద్ధతి. ఎవరు ఏ మాటంటే ఆ మాటే చెయ్యాలి. అక్షరం అటూ ఇటూ జరక్కూడదు.

ఓసారి గవర్రాజుకి జ్వరం వస్తే డాక్టరు మాత్రలిచ్చి, "నీళ్ళలో వేసుకోండి" అన్నాడు. అంతే. గవర్రాజు మూడు రోజులు పొద్దున్నా సాయంత్రం కాలవలో పీకల్లోతు దిగి మాత్ర వేసుకున్నాడు. జ్వరం కాస్తా ముదిరి మంచం పట్టాడు. "డాక్టరు చెప్పినట్టు చేశాం కాబట్టి మంచంతో ఆగింది. లేకపోతే ఏమయ్యేదో!" అంది వరహాలమ్మ.

ఇంత తెలివైన ఇంట్లో ఒక్కటే దిగులు. తాతబ్బాయికి ముప్పైమూడేళ్ళు నిండినా పెళ్ళి కాలేదు. కిందటేడు పక్క ఊళ్ళో పెళ్ళిచూపులకి వెళితే, పిల్ల తండ్రి మర్యాదకి, "బాబూ, మా అమ్మాయిని ఏదైనా అడుగు" అన్నాడు. తాతబ్బాయి ఆలోచించాడు. బయట చినుకులు పడుతున్నాయి. "ఓ గొడుగు ఇస్తారా అండీ?" అని అడిగాడు. పిల్ల తెచ్చి ఇచ్చింది. తాతబ్బాయి గొడుగేసుకుని ఇంటికొచ్చేశాడు.

"ఎలా ఉందిరా?" అని ఆత్రంగా అడిగాడు అన్నయ్య.

"ఓ పుల్ల వంగిందిగానీ, బాగానే ఉందన్నయ్యా."

ఇంకేముంది, ఆ సంబంధం అక్కడితో సరి. ఆ తర్వాత అటువైపు నుంచి ఒక్కరూ పిల్లనిస్తామని రాలేదు. తాతబ్బాయి పైకి ఏమీ అనేవాడు కాదుగానీ, ఎవరింట్లో పందిరి వేస్తున్నా ఆ వీధిలోంచి వెళ్ళడం మానేశాడు.

ఇలా ఉండగా ఓ సోమవారం పొద్దున్నే పెళ్ళిళ్ళ మధ్యవర్తి అవతారంగారు చంకలో ఓ పార్సిలు పెట్టుకుని వచ్చాడు.

"గవర్రాజుగారూ, కాకినాడలో మంచి సంబంధం. పిల్ల పేరు హైమవతి. బంగారంలాంటి పిల్ల..."

"బంగారమైతే మాకొద్దండి" అంది వరహాలమ్మ. "దొంగల భయం."

"కాదమ్మా, మామూలు పిల్లే. తండ్రి కోదండపాణిగారు. నలభై ఏళ్ళు కూనూరు కొండల్లో టీ కంపెనీలో పనిచేసి వచ్చారు. ఆయన పనల్లా టీ రుచి చూసి ఇది మంచిది, ఇది కాదు అని చెప్పడమే. ఆయనకి టీ అంటే పిచ్చి. అందులోనూ పండ్లూ పూలూ మసాలాలూ కలిపిన నల్ల టీలంటే ప్రాణం. ఆ టీలో ఎవరైనా పాలు పోశారో, వాళ్ళింటి గడప మళ్ళీ తొక్కరు. ఇప్పటికి ఏడు సంబంధాలు టీ దగ్గరే చెడిపోయాయి. ఇవిగో, మీకూ మూడు డబ్బాలు పంపారు. ఎలా చెయ్యాలో ఉత్తరం కూడా రాశారు. గురువారం సాయంత్రం నాలుగింటికి వస్తారు. ఆయన రాసింది రాసినట్టు చెయ్యండి బాబూ, మీకు పుణ్యముంటుంది."

"రాసింది రాసినట్టు చెయ్యడంలో మమ్మల్ని మించినవాళ్ళు ఈ జిల్లాలో లేరండి" అన్నాడు గవర్రాజు ఛాతీ విరుచుకుని. అవతారంగారు ఎందుకో నిట్టూర్చి వెళ్ళిపోయాడు.

ముగ్గురూ పార్సిలు చుట్టూ కూర్చున్నారు. మూడు రేకు డబ్బాలు. ఒకదాంట్లో గులాబీరేకులు కలిపిన టీ, ఒకదాంట్లో దాల్చినచెక్క కలిపింది, మూడోదాంట్లో కమలాతొక్క కలిపింది. గవర్రాజు కళ్ళజోడు పెట్టుకుని ఉత్తరం చదివాడు.

"గవర్రాజుగారికి నమస్కారాలు. ఇవి నల్ల టీలు. వీటిమీద పాల నీడ కూడా పడకూడదు. నీళ్ళు మరిగించి ఆకు వేశాక మూడు నిమిషాలు మూత పెట్టి కూర్చోండి. ముందు వాసన పట్టండి. తరువాత నోట్లో పోసుకుని బాగా తిప్పండి. అప్పుడే రుచి తెలుస్తుంది. నేను వచ్చాక అబ్బాయి టీ గురించి నాలుగు మాటలు చెబితే చాలు. ముఖ్యంగా, టీ పోసే ముందు కప్పు వేడి చెయ్యడం మరవకండి. చల్లటి కప్పులో పోస్తే టీ చచ్చిపోతుంది. ఇట్లు కోదండపాణి."

"ఎంత వివరంగా రాశారండీ!" అంది వరహాలమ్మ. "చిన్నపిల్లలు కూడా చెయ్యగలరు."

"ముందు పాల నీడ సంగతి చూడాలి" అన్నాడు గవర్రాజు. "పాల నీడ ఎక్కడుంటుంది?"

"పాలున్న చోట" అన్నాడు తాతబ్బాయి.

"పాలెక్కడుంటాయి?"

ముగ్గురూ ఒక్కసారే పెరట్లోకి చూశారు. గేదె తాపీగా నెమరేస్తోంది. దాని నీడ సరిగ్గా వంటింటి గోడ మీద పడుతోంది. "అమ్మో!" అంది వరహాలమ్మ. అంతే. తాతబ్బాయి గేదెని ఊరి చివరిదాకా తోలుకెళ్ళి, అక్కడ కూడా నీడ ఇంటివైపు పడుతోందని, ఏరు దాటించి అవతల రేవులో కట్టేసి వచ్చాడు.

వచ్చేసరికి పక్కింటి వీరాస్వామి జల్లెడ కావాలని వాకిట్లో నిలబడి ఉన్నాడు. వీరాస్వామి ఇంటిపేరు పాలపర్తి. గవర్రాజు కర్ర పట్టుకుని గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు.

"పాలపర్తివారి నీడ మా ఇంట్లో పడ్డానికి వీల్లేదు!"

"ఏమైందయ్యా నీకు? నిన్నేగా వచ్చి పేపరు చదివి వెళ్ళాను?"

"నిన్నటిదాకా మా ఇంట్లో నల్ల టీ లేదు. గురువారం దాటాక రా. లేకపోతే మిట్టమధ్యాహ్నం రా, నీడ తక్కువగా ఉంటుంది."

వీరాస్వామి జల్లెడ లేకుండానే వెళ్ళిపోయాడు.

ఇక టీ రుచి చూడాలి కదా. వరహాలమ్మ గులాబీ డబ్బా విప్పి నీళ్ళు మరిగించి ఆకు వేసింది. "మూడు నిమిషాలు మూత పెట్టి కూర్చోండి" అని ఉంది కాబట్టి, ముగ్గురూ మూడు మూతలు తీసుకుని నెత్తిమీద పెట్టుకుని పీటల మీద కూర్చున్నారు. గవర్రాజుకి పెద్ద గుండిగ మూత వచ్చింది, ఇంటిపెద్ద కాబట్టి. గిన్నె మాత్రం మూత లేకుండా ఆవిర్లు కక్కుతోంది. ఆ సమయంలో వీధిలో వెళ్ళేవాళ్ళు తలుపులోంచి తొంగిచూసి, ఇదేదో కొత్త వ్రతం అనుకుని దణ్ణం పెట్టుకుని వెళ్ళారు.

మూడు నిమిషాలయ్యాక మూతలు దించి టీ చూశారు. గవర్రాజు మొహం మాడిపోయింది.

"ఇదేమిటి? ఇది నల్ల టీయా? ఎర్రగా మందారప్పువ్వులా ఉంటేనూ!"

"మోసపోయామండీ" అంది వరహాలమ్మ. "నల్లదని చెప్పి ఎర్రది అంటగట్టారు."

"పాపం ఆయనకి తెలీదేమో వదినా" అన్నాడు తాతబ్బాయి. "ఆయన వచ్చేసరికి మనం నల్లగా చేసేస్తే పోలా?"

ఇంకేముంది. పొయ్యిలోంచి నాలుగు బొగ్గులు తీసి, రోట్లో వేసి మెత్తగా దంచి, టీలో కలిపారు. చాల్లేదు. ఇంకో నాలుగు. అప్పుడు అమావాస్యలాగా నిగనిగలాడింది. ముగ్గురూ తలో గుక్కా తాగారు. పళ్ళు నల్లబడ్డాయి, పెదాలు నల్లబడ్డాయి. వరహాలమ్మ నాలుక అద్దంలో చూసుకుని కెవ్వుమంది. "ఇప్పుడు అసలైన నల్ల టీ" అన్నాడు గవర్రాజు దగ్గుతూ. ఆ డబ్బా అంతా అలాగే దంపుడులో అయిపోయింది.

మర్నాడు మంగళవారం. దాల్చినచెక్క డబ్బా విప్పారు. ఈసారి వాసన పట్టాలి.

మూత తియ్యగానే ఘాటైన కమ్మటి వాసన గదంతా నిండింది. పాయసంలో మసాలా పడ్డట్టు, చెవుల దాకా వెచ్చగా ఎక్కింది. "పట్టండి, పట్టండి!" అని అరిచింది వరహాలమ్మ. తాతబ్బాయి తలుపులు మూశాడు. గవర్రాజు దోమతెర తెచ్చి గిన్నె మీద విసిరాడు. వాసన దోమతెరలోంచి జారుకుంది. "సన్నటి కన్నాలు కూడా దాటేస్తోంది, మహా గడుసుది!" అని గవర్రాజు తలగడ గలీబు పట్టుకుని గది చుట్టూ పరిగెత్తాడు. తాతబ్బాయి ముక్కుతో దారి చూపించాడు. "అన్నయ్యా, ఇదిగో ఈ మూల! ఇప్పుడు గూట్లోకి వెళ్ళింది! అదిగో, వదిన కొంగులో దూరింది!" చివరికి గవర్రాజు గలీబు మూతి బిగించి ముడేసి పట్టుకుని, "దొరికింది!" అని ఆయాసంతో కూలబడ్డాడు.

"చూడనివ్వండి" అంది వరహాలమ్మ. ముడి విప్పింది. ముగ్గురూ లోపలికి తొంగిచూశారు. లోపల ఏమీ లేదు.

"ముడి విప్పగానే పారిపోయింది" అన్నాడు తాతబ్బాయి. "కానీ ఒకసారి పట్టాం కదా. పట్టమన్నారుగానీ, ఉంచుకోమనలేదు."

"భలే అన్నావురా!" అని గవర్రాజు తమ్ముడి వీపు తట్టాడు.

తర్వాత, నోట్లో పోసుకుని బాగా తిప్పాలి. ఎవరిని తిప్పాలి? రుచి చెప్పాల్సింది పెళ్ళికొడుకు. కాబట్టి తాతబ్బాయినే. అతను నోటి నిండా టీ పోసుకుని, బుగ్గలు పూరించి, అరుగుమీద నిలబడ్డాడు. గవర్రాజు తమ్ముడి నడుముకి నవ్వారు పట్టీ బొంగరానికి తాడు చుట్టినట్టు చుట్టి, ఒక్క గుంజు గుంజాడు. అంతే. తాతబ్బాయి గిర్రున తిరిగాడు. ఒక చుట్టు, రెండు చుట్లు, నాలుగు చుట్లు. ఐదో చుట్టుకి నోట్లో టీ చక్రంలా చిమ్మి, కొత్తగా సున్నం వేసిన గోడ చుట్టూతా గోధుమరంగు పట్టీ పడింది. ఆరో చుట్టుకి తాతబ్బాయి గాదె కింద ఉన్నాడు.

"రుచి ఎలా ఉందిరా?" అని గాదె కిందికి వంగి అడిగాడు అన్నయ్య.

"తల తిరిగిపోయే రుచి అన్నయ్యా" అన్నాడు తాతబ్బాయి నీరసంగా.

ఇంకోసారి తిప్పితే ఇంకా బాగా తెలుస్తుందన్నాడు గవర్రాజు. ఇంకోసారి తిప్పారు. అలా సాయంత్రం దాకా తిప్పితే దాల్చినచెక్క డబ్బా కూడా ఖాళీ.

బుధవారమంతా నాలుగు మాటల గురించి తర్జనభర్జన. నాలుగంటే నాలుగే. మూడైతే లోపం, ఐదైతే అధికప్రసంగం. "టీ బాగుంది" రెండే అయ్యాయి. "టీ చాలా బాగుంది" మూడు. వరహాలమ్మ వేళ్ళు మడిచి మడిచి, "మావగారండీ, టీ చాలా బాగుంది!" అంది. నాలుగు! తాతబ్బాయి ఆ రోజంతా ఆ నాలుగు మాటలూ వల్లిస్తూ తిరిగాడు. అన్నానికి పిలిస్తే కూడా, "మావగారండీ, టీ చాలా బాగుంది" అన్నాడు. ఇంకో మాటంటే ఇవి మర్చిపోతాడని.

గురువారం వచ్చేసింది. ఉన్నది ఒక్క కమలాతొక్క డబ్బా. గవర్రాజు ఉత్తరం మళ్ళీ చదివాడు.

"టీ పోసే ముందు కప్పు వేడి చెయ్యాలట. చల్లటి కప్పులో పోస్తే టీ చచ్చిపోతుందట."

వాళ్ళింట్లో కాఫీ అయినా మజ్జిగ అయినా గ్లాసుల్లోనే. కప్పు అన్న మాట వినగానే ముగ్గురూ తలలెత్తి పైకి చూశారు. పైన వంటింటి తాటాకు కప్పు.

"ఇంటికప్పులో టీ పోస్తారా అండీ?" అంది వరహాలమ్మ.

"కూనూరు పద్ధతి. కొండల్లో చలి కదా, కప్పుకి కూడా టీ పోస్తారు కాబోలు."

"మరి అంత కప్పుకీ గ్లాసెడు టీ ఏం చాలుతుంది?"

నిజమే కదా అనుకున్నారు. పెద్ద గుండిగ పొయ్యిమీద పెట్టి, బిందెలకొద్దీ నీళ్ళు పోసి, కమలా డబ్బా మొత్తం బోర్లించారు. టీ పొంగకుండా చూడమని తాతబ్బాయిని గుండిగ దగ్గర కూర్చోబెట్టి, మొగుడూ పెళ్ళాం నిచ్చెన కోసం వెళ్ళారు.

తాతబ్బాయి ఒక్కడే ఉన్నాడు. గుండిగలో ఆకులు మెల్లగా విచ్చుకుంటున్నాయి. నీళ్ళు తేనెరంగు తిరిగి, తర్వాత చింతగింజ రంగుకొచ్చాయి. వాసన తనంతట తనే వచ్చి ముక్కుకి తగిలింది. ఎవరూ దాన్ని తరమలేదు. అతనికి దాహం వేసింది. ఓ గ్లాసుడు ముంచుకున్నాడు. బొగ్గు కలపలేదు, ఎవరూ తిప్పలేదు. ఊదుకుంటూ ఊరికే తాగాడు. మొదట కాస్త చేదు. వెనకే పుల్లటి చల్లదనం. గుటక దిగాక గొంతులో మెల్లగా తీపి. తాతబ్బాయి గ్లాసు కింద పెట్టకుండా అలాగే కూర్చుండిపోయాడు. ఆ వాసన ఎక్కడిదో అతనికి తెలుసు. బాగా చిన్నప్పటిది. మాట అయితే వచ్చిందిగానీ, నాలుగు మాటల్లో దానికి చోటు లేదు కాబట్టి మింగేశాడు.

ఈలోగా బయట గవర్రాజు నిచ్చెన ఎక్కాడు. వరహాలమ్మ కిందనుంచి నిప్పుల కుంపటి అందించింది. అతను దాన్ని తాటాకు మీద పెట్టి చేత్తో తడిమి చూశాడు.

"ఇక్కడ వెచ్చబడింది. అటువైపు ఇంకా చల్లగానే ఉంది."

"అయితే అటువైపు కూడా పెట్టండి. టీ సగం బతికి సగం చస్తే బాగుంటుందా?"

గవర్రాజు నిప్పులు కప్పంతా సమంగా చల్లాడు. ఎంతైనా పనిమంతుడు.

సరిగ్గా నాలుగింటికి వాకిట్లో రిక్షా ఆగింది. తెల్లటి పంచె, తెల్లటి మీసాలు, మెడలో కళ్ళజోడు తాడు. కోదండపాణిగారు దిగారు. రిక్షాలో ఆయన పక్కన కిరసనాయిలు డబ్బా అంత టీ డబ్బా ఒకటి ఉంది. సంబంధం కుదిరితే ఇద్దామని తెచ్చారు. దిగీ దిగగానే కళ్ళు మూసుకుని గాలి పీల్చారు.

"ఆహా! పొగ వాసన. కట్టెల పొగలో ఆరబెట్టే టీ ఒకటుంది, అచ్చం ఇలాగే ఉంటుంది. కింద కమలాతొక్క... పైన... పైన తాటాకు?"

కళ్ళు తెరిచారు. వంటింటి కప్పు భగ్గుమంది.

"అయ్యయ్యో! ఇల్లు అంటుకుంది!"

"వేడెక్కిందండీ!" అని కప్పు మీదనుంచి సంబరంగా కేకేశాడు గవర్రాజు, పంచె అంచు కాలుతుంటే దులుపుకుంటూ. "కోదండపాణిగారండీ, కప్పు బాగా వేడెక్కింది! ఇక పొయ్యమంటారా?"

"పొయ్యండయ్యా! పొయ్యండి! త్వరగా పొయ్యండి!" అని అరిచారాయన.

అంతే. తాతబ్బాయీ వరహాలమ్మా గుండిగ మోసుకుంటూ వచ్చారు. చెంబులతో, బిందెలతో టీ పైకి అందిస్తుంటే గవర్రాజు కప్పు మీద పోశాడు. చుయ్యిమంది. ఇంకో బిందె. చుయ్యిమంది. గుండిగ అడుగంటేసరికి మంట చల్లారిపోయింది. మూలనున్న నాలుగు కమ్మలు తప్ప కప్పు దక్కింది. చూరులోంచి టీ ధారలుగా కారింది. కోదండపాణిగారు సరిగ్గా ఆ చూరు కిందే ఉన్నారు. తెల్లపంచె, తెల్లమీసాలు, అంతా చింతగింజ రంగు.

ఆయన ఏదో తిట్టబోయి నోరు తెరిచారు. ఒక చుక్క నోట్లో పడింది.

ఆయన ఆగిపోయారు. నాలుక కదిలింది. బుగ్గలు లోపలికి వెళ్ళి వచ్చాయి. చెయ్యెత్తి, ఎవరూ మాట్లాడకండి అన్నట్టు సైగచేసి, చూరు కింద దోసిలి పట్టి ఇంకాస్త జుర్రున లాగారు.

"ముందు పొగ" అన్నారు తనలో తాను. "వెంటనే కమలాతొక్క పైకి వస్తోంది. ఆఖర్న కొత్త తాటాకు తీపి. నలభై ఏళ్ళలో ఇలాంటిది నోట పెట్టలేదు."

తర్వాత తాతబ్బాయి వైపు తిరిగారు. "ఏం బాబూ, నువ్వు తాగావా? ఎలా ఉంది?"

తాతబ్బాయి చేతులు కట్టుకుని నిలబడి, "మావగారండీ, టీ చాలా బాగుంది" అన్నాడు.

"అది సరే. దేనిలా ఉంది?"

తాతబ్బాయి నాలుగు వేళ్ళు చూపించాడు.

"అబ్బాయికి మాటలు రావా?"

"ఎందుకు రావండీ?" అన్నాడు గవర్రాజు కిందికి దిగుతూ. "మీరు నాలుగే చెప్పమన్నారు. అయిపోయాయి."

కోదండపాణిగారు గవర్రాజుని చూశారు, నెత్తిమీద మసిని చూశారు, గోడ చుట్టూ ఉన్న గోధుమరంగు పట్టీని చూశారు. "సరే బాబూ" అన్నారు నెమ్మదిగా. "ఇంకో నాలుగు చెప్పు."

తాతబ్బాయి వేళ్ళు ఒక్కొక్కటే మడుస్తూ చెప్పాడు. "అచ్చం... అమ్మ... పెట్టిన... నలుగు."

వరహాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్ళ అత్తగారు కమలాతొక్కలు ఎండబెట్టి, పెసలతో కలిపి విసిరి, పండగ పూట పిల్లలకి నలుగుపెట్టేది. ఆవిడ పోయి ఇరవై ఏళ్ళు దాటింది.

కోదండపాణిగారు తడి అరుగుమీదే చతికిలబడ్డారు.

"నలభై ఏళ్ళు ఈ టీ రుచి చూసి 'కమలా వాసన, మంచి రకం' అని రాసి సంతకం పెట్టాను. అది నలుగుపిండి వాసనరా! మా అమ్మ కూడా పెట్టేది. ఇన్నాళ్ళూ ఆ మాట నాకు తట్టలేదు." ఉత్తరీయంతో కళ్ళూ మీసాలూ కలిపి తుడుచుకున్నారు. "ఏడిళ్ళకి టీ పంపాను. ఏడిళ్ళలోనూ పాలు పోశారు. ఒకావిడ అల్లం, బెల్లం కూడా వేసింది. మరి మీరు?"

"గేదెని ఏరు దాటించామండి" అంది వరహాలమ్మ. "నీడ పడుతుందని."

"ఏరు దాటించారా!" ఆయన గట్టిగా నవ్వేశారు. "మా హైమ ఎప్పుడూ ఒకటే మాటంటుంది. 'నాన్నా, తెలివైనవాళ్ళు వద్దు, చెప్పిన మాట వినేవాడైతే చాలు' అని. అమ్మాయికి కబురు చేస్తాను. తను కూడా వచ్చి అబ్బాయితో మాట్లాడి సరేనంటే, వచ్చే గురువారం ముహూర్తం."

హైమవతి శుక్రవారమే వచ్చింది. తాతబ్బాయితో పావుగంట మాట్లాడింది. ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలీదుగానీ, వెళ్ళేటప్పుడు, "చేసుకుంటాను నాన్నా. కానీ ఈయనకి ఉత్తరాలు నేను రాస్తాను, మీరు రాయకండి" అంది.

సంబంధం ఖాయమైపోయింది. తండ్రీకూతుళ్ళు బస్సెక్కేముందు కోదండపాణిగారు ఆ పెద్ద డబ్బా గవర్రాజుకి అప్పగించారు.

"పెళ్ళికి వచ్చే ఐదువందల మందికీ ఈ టీయే. దీంట్లో ఏలక్కాయ, దాల్చినచెక్క, కమలా మూడూ కలిపాను. వారం రోజులు జాగ్రత్త. గాలి మాత్రం తగలనివ్వకండి. గాలి తగిలిందా, వాసనంతా పోతుంది."

"ప్రాణం పోయినా తగలనివ్వమండి" అన్నాడు గవర్రాజు.

ఇంటికొచ్చి ముగ్గురూ ఆలోచనలో పడ్డారు. గాలి లేని చోటు ఎక్కడుంది? వరహాలమ్మ బీరువా అంది. బీరువా తలుపు తీస్తే చల్లటి గాలి మొహానికి కొట్టింది. తాతబ్బాయి గాదె అన్నాడు. గాదెలో తలపెట్టి ఊపిరి పీల్చి చూశాడు, చక్కగా ఆడింది. అంటే గాలి ఉన్నట్టే.

"ఊపిరి ఆడని చోటు కావాలి" అన్నాడు గవర్రాజు. రెండు బుర్రలూ కలిపి ఆలోచించాడు. మొహం వెలిగిపోయింది. "నీళ్ళు! నీళ్ళలో ఊపిరాడదు. అక్కడ గాలి లేదు కనకే కదా!"

ఇంకేముంది. డబ్బాకి తాడు కట్టి పెరటి బావిలోకి దింపబోయారు.

"ఆగండాగండి!" అంది వరహాలమ్మ. "డబ్బా లోపల గాలి ఉంటుంది కదా? మూత పెట్టి దింపితే ఆ గాలి లోపలే ఉండిపోతుంది."

"అబ్బ! నువ్వు చెప్పకపోతే కొంప మునిగేదే!" అన్నాడు గవర్రాజు. మూత తీసి దింపారు. బుడగ్ బుడగ్ మని బుడగలు పైకొచ్చాయి. "అదిగో వదినా, గాలి పారిపోతోంది!" అని తాతబ్బాయి చప్పట్లు కొట్టాడు. ఆఖరి బుడగ వచ్చేదాకా నిలబడి చూసి, ముగ్గురూ నిశ్చింతగా లోపలికి వెళ్ళారు.

నాలుగు రోజులు పోయాక వీరాస్వామి తన బావి ఎండిందని వీళ్ళ బావిలో నీళ్ళు చేదుకోడానికి వచ్చాడు. ఈసారి నీడ గురించి ఎవరూ ఏమీ అనలేదు. చేద లాగి బిందెలో వంచాడు. ఎర్రటి నీళ్ళు, మీద కమలాతొక్కలు తేలుతున్నాయి. గుప్పుమని ఏలక్కాయ వాసన. దోసిలితో తాగి చూశాడు.

"ఓరి నాయనో! మీ బావిలో టీ ఊరుతోంది!"

క్షణంలో వీధంతా బావి చుట్టూ మూగింది. తలా చెంబుడు తాగి చూశారు. చల్లగా ఉందిగానీ భేషుగ్గా ఉందన్నారు. అవతారంగారు పరిగెత్తుకొచ్చి తల పట్టుకున్నాడు.

"రెండు రోజుల్లో పెళ్ళి! ఐదువందల మంది! ఇప్పుడు టీ ఎక్కడినుంచి తెస్తారయ్యా?"

గవర్రాజు జాలిగా నవ్వాడు.

"టీ చెయ్యాల్సిన పనే తప్పింది కదండీ అవతారంగారూ. బావి నిండా ఉంది. కాస్త వేడి చేస్తే చాలు."

"బావిని ఎలా వేడి చేస్తావయ్యా?"

"గిన్నెని ఎలా చేస్తామండీ? కింద పొయ్యి పెట్టి."

అప్పటికే తాతబ్బాయి మాసిపోకుండా పంచె పైకి కట్టి, బావి పక్కన నడుంలోతు గొయ్యి తవ్వేశాడు. గవర్రాజు ఎండుకట్టెలు మోసుకొచ్చి గట్టున పేరుస్తున్నాడు. వరహాలమ్మ కొంగు నడుముకి దోపుకుని, చేతిలో అగ్గిపెట్టె పట్టుకుని గొయ్యిలోకి వంగి అడిగింది.

"బావి అడుగు తగిలిందా తాతబ్బాయ్? పుల్ల గియ్యనా?"